గరిట చప్పుడు

వజ్రపుకొత్తూరు,
14 అక్టోబరు 2003

ప్రియమైన బుల్లోడా,

అమ్మ రాస్తోంది. నువ్వు పోయి ఏడు నెలలైంది. పోయినవాడికి ఉత్తరమేమిటని ఎవరైనా నవ్వుతారేమో. నాకు మతి బాగానే ఉంది. విశాఖ ఆసుపత్రి నుంచి వచ్చిన బండిలోంచి నిన్ను దింపించుకున్నది నేనే, చివరిసారి నీకు నీళ్లు పోసింది నేనే. ఏదీ మరిచిపోలేదు. కానీ నీ పేరు అచ్చులో కనబడుతుంటే ఏమనుకోవాలో తెలియక, ఈ 'వెండిమబ్బు' పత్రిక అడ్రసుకే రాస్తున్నాను. నా కొడుకు ఢిల్లీబాబు అక్కడ లేకపోతే, ఎవరి చేతికి అందితే వాళ్లు విప్పి చదవండి.

నిన్న నీ మాసికం. కిడ్నీ జబ్బని రెండేళ్లు నీకు ఉప్పు లేని కూడే పెట్టాను కదా, నిన్న రొయ్యల కూరలో నిండా ఉప్పేసి వండాను. నీకు ఇష్టమని కాశీబుగ్గ బస్టాండులో వెండిమబ్బు కూడా కొని ఫొటో ముందు పెట్టాను. దీపం పెట్టాక ఊరికే పేజీలు తిప్పాను. నువ్వు సినిమాల మీద రాసే చోట, అదే చోట, 'ఢిల్లీబాబు, పలాస' అని ఉంది. పాతది మళ్లీ వేశారేమో అనుకున్నాను. కాదు. అది దసరాకి వచ్చిన బొమ్మ. నువ్వు పోయినప్పటికి అది పుట్టనే లేదు.

మీ అప్పన్న మావకి చూపించాను.

"ఓలప్పా, పేరుకి పేరుంటాది. దేశంలో ఒక్కడే ఢిల్లీబాబేటి?" అన్నాడు.

"పలాసలో సినిమాల మీద రాసేవోడు ఒక్కడేరా" అన్నాను.

నేను చదువుకున్నది ఐదు. కూడబలుక్కుని చదివాను. ఆ బొమ్మలో కొడుకు శవం దగ్గర తల్లి పెద్ద పెద్ద మాటలు చెబుతుందట. దానికి నువ్వు రాశావు: 'కొడుకు పోయిన తల్లికి ముందు నోరు ఎండిపోతుంది. తన ఇంట్లో నీళ్ల బిందె ఎక్కడుందో తనకే తెలియదు. ఈ సినిమా తీసినవాళ్లు ఆ ఇంట్లోకి వెళ్లి చూడలేదు.'

ఒరే, ఆవేళ నేను మన ఇంట్లో నీళ్ల బిందె కోసం వెతికాను. అది నీకెలా తెలుసు? అప్పటికి నువ్వు చాప మీద ఉన్నావు కదా.

నువ్వున్నప్పుడు నీ రాతలు నాకు చదివి వినిపించేవాడివి. "నాకు తోచిందే నీకూ తోచిందిరా" అంటే నవ్వేవాడివి. ఇప్పుడు కూడా నాకు తోచిందే ఉంది. ఇది నువ్వేనా? కాకపోతే నీ పేరు పెట్టుకున్నది ఎవరు? ఒక్క ముక్క రాయించు.

నీ అమ్మ,
సన్యాసమ్మ


విజయవాడ,
27 అక్టోబరు 2003

గౌరవనీయులైన సన్యాసమ్మ గారికి,

నమస్కారం. నా పేరు ప్రమోదిని. వెండిమబ్బులో సినిమా పేజీలు చూస్తాను. మీ ఉత్తరం మూడు రోజులుగా నా బల్ల మీదే ఉంది.

అమ్మా, ఢిల్లీబాబు లేడన్న సంగతి మీ ఉత్తరం చూసేదాకా మాకెవరికీ తెలియదు. మూడేళ్లుగా ప్రతి మంగళవారం అతని కవరు వస్తోంది. మొన్న మంగళవారం కూడా వచ్చింది. పలాస తపాలా ముద్ర ఉంది.

అతన్ని నేనెప్పుడూ చూడలేదు. ఉత్తరాల పరిచయమే. అతని రాతలంటే ఇక్కడ అందరికీ గౌరవం. పెద్ద పత్రికల విమర్శకులు ఛాయాగ్రహణమనీ కథనమనీ రాస్తారు. అతను బిందె ఎక్కడుందో రాస్తాడు. మా సంపాదకులు కామేశ్వరరావుగారు రేపు ఉగాది సంచికలో అతని ఫొటో వేద్దామనుకుంటున్నారు కూడా.

ఒక్క మాట. ఫిబ్రవరి నుంచి చేతిరాత మారింది. 'సూదులు గుచ్చి గుచ్చి చెయ్యి వాచింది, ఇకపై వేరేవాళ్లు రాస్తారు' అని అతనే అప్పట్లో తెలియజేశాడు. అందువల్ల అనుమానించలేదు. ఆ పేరును ఎవరు వాడుకుంటున్నారో తేలేదాకా ఆ శీర్షిక ఆపేస్తున్నాను. తెలియక మీ మనసు కష్టపెట్టినందుకు క్షమించండి.

మీ
ప్రమోదిని


వజ్రపుకొత్తూరు,
9 నవంబరు 2003

ప్రమోదినమ్మకు,

దీవించి రాయునది. ఆపేయకు తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటాను అనాలి గానీ, చిన్నపిల్లవి, అంటే నీకు ఆయుష్షు తగ్గుతుంది. ఆపేయకు.

మొదటి ఉత్తరంలో అన్నీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, పిచ్చిదాన్ని అనుకోకు. నేను కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పని చేస్తాను. ఎనిమిది మందిమి వరుసగా కూర్చుంటాము. అందరమూ సినిమాకి వెళితే పని ఆగిపోతుంది కాబట్టి మాకొక పద్ధతి ఉంది. శుక్రవారం ఒకరు వెళ్లి కొత్త బొమ్మ చూసి వస్తారు. శనివారం పిక్కలు కొడుతూ అందరికీ కథ చెబుతారు. బాగుందంటే మిగతావాళ్లు వెళతారు, లేదంటే లేదు. పదకొండేళ్లు ఆ కథ చెప్పింది నేనే. ఆసుపత్రికి పోని రోజుల్లో మా బుల్లోడు నాకు కేరేజీ పట్టుకొచ్చి, కిటికీ దగ్గరే నిలబడి వినేవాడు. "ఆడోళ్ల మాటలు నీకెందుకురా, ఎల్లు" అని తరిమేదాన్ని.

వాడు పోయాక ఏడాది తిరిగేదాకా హాలు గుమ్మం తొక్కకూడదు కదా. తొక్కాలని కూడా లేదు. నోరు విప్పి మాట్లాడటమే మానేశాను. ఇప్పుడు మా భవాని వెళుతోంది. ముప్ఫై ఏళ్ల మనిషి, పదో తరగతి పాసయ్యింది గానీ కథ చెప్పడం మాత్రం దేవుడికే తెలియాలి. పోయిన నెల ఉదయం ఆటకి ఒక పాత నలుపు తెలుపు బొమ్మ ఆడింది. నా పెళ్లయిన కొత్తలో చూశాను. అందులో ఇంటి పెద్దకోడలు అందరికీ అన్నం వడ్డించి, తనకి లేకపోయినా నవ్వుతూ గరిటతో గిన్నె గీకుతుంది. భవాని ఏమందో తెలుసా?

"ఆయమ్మ కడుపునిండా తినేసి నవ్వుతంది పిన్నీ."

ఒళ్లు మండిపోయింది. "ఓసి బుర్ర నేని దానా, ఆయమ్మ తిననేదే. ఆకలి దాసుకునే మనిసి గరిట సప్పుడు సెయ్యనివ్వదు. ఆ సప్పుడెట్టినోడికి ఆకలి తెల్దు. అదే తప్పు" అన్నాను. అదీ నేను అన్నది. పిక్కలు కొట్టే చప్పుడులో, నాకు నేను అన్నట్టు.

వారం తిరిగాక వెండిమబ్బులో అదే ఉంది. 'అందరూ గొప్ప చిత్రమని పొగిడిన ఈ పాత సినిమాలో ఒక్క తప్పు ఉంది. అది గరిట చప్పుడు' అని మొదలు. నీళ్ల బిందె మాట కూడా అంతే, షెడ్డులో అన్నాను. అప్పుడు గుర్తు రాలేదు, ఇప్పుడు గుర్తొచ్చింది.

నేను అన్నది వాడు వింటున్నాడమ్మా. మా వీధి కూర్మయ్య తాత కూడా అన్నాడు, "పోయినోడు పోయినట్టు నేదే. కిటికీకాడే ఉన్నట్టున్నాడు" అని. అప్పన్న తిట్టాడు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. కవరు మీద ముద్ర ఉందంటావు. పోయినవాళ్లు ముద్ర వేయించుకుంటారా? నాకూ తెలుసు వేయించుకోరని. కానీ ఈ రెండు వారాలు వాడి పేరు రాకపోతే, మార్చిలో ఎలా ఉందో అలా ఉంది నాకు.

మళ్లీ వేయి తల్లీ. ఎవరని వెతక్కు.

నీకు అమ్మలాంటి
సన్యాసమ్మ


విజయవాడ,
30 నవంబరు 2003

అమ్మా,

ఇకపై గారూ అని రాయలేను, ఏమనుకోకండి.

శీర్షిక మళ్లీ మొదలుపెట్టాను. కామేశ్వరరావుగారు ముందు ఒప్పుకోలేదు. "చనిపోయిన మనిషి పేరుతో ఎవరో రాస్తుంటే ఎలా వేస్తామమ్మా?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. మీరు అడిగినదాంట్లోనూ తప్పు కనబడలేదు. ఆఫీసులో మధ్యాహ్నం క్యారియరు విప్పకుండానే మూడు రోజులు ఇంటికి పట్టుకెళ్లాను. చివరికి ఆయన నెల రోజుల గడువు ఇచ్చారు. ఈలోగా రాసేదెవరో తేలాలి.

వెతకవద్దన్నారు. కానీ దాచడం కూడా నాకు చేతకావడం లేదు. ఆ గరిట చప్పుడు వ్యాసం అసలు కాగితమే దీంతో పంపుతున్నాను. చూడాలనిపిస్తే చూడండి, లేకపోతే మీ అబ్బాయి ఫొటో వెనక పెట్టేయండి. అంచుల నిండా ఏవో గోధుమరంగు వేలిముద్రలున్నాయి. ఫిబ్రవరి తర్వాత వచ్చిన ప్రతి కాగితం మీదా ఇలాగే ఉన్నాయి. అంతకుముందు వాటి మీద లేవు. టీ మరకలనుకున్నాను. రబ్బరుతో రుద్దినా పోవు.

మీ
ప్రమోదిని


వజ్రపుకొత్తూరు,
18 డిసెంబరు 2003

ప్రమోదినమ్మకు,

టీ కాదమ్మా. జీడిమరక. పిక్క పగిలినప్పుడు కారే చమురు. చేతులకు బూడిద రాసుకున్నా తోలు ఊడిపోతుంది, ముట్టుకున్నదానికల్లా అంటుకుంటుంది. మా బుల్లోడి చేతికి ఒక్కనాడు కూడా ఆ మరక అంటనివ్వలేదు నేను. కవరు విప్పగానే తెలిసిపోయింది.

మర్నాడు షెడ్డులో ఆ కాగితం ముందర పెట్టాను.

"ఒలే, ఈ ఏలిముద్ర ఎవర్దే?" అన్నాను.

సుత్తుల చప్పుడు ఆగిపోయింది. సూరమ్మ చెయ్యి చాపింది. "నాదే అప్పా."

"నీకు సంతకమే రాదు కదే. ఉత్తరం ఎలగ రాసినావే?"

"ఏలు నాదన్నాను గానీ, రాత నాదన్నానేటి?"

పక్కనుంచి సీతారత్నం, "కవరంటించింది నానే పిన్నీ. ఆ మూల ముద్ర నాది" అంది. ఒకరి తర్వాత ఒకరు చేతులు చాపారు. ఏడు జతలు. అన్నీ ఒకే రంగు. నావీ అదే రంగు. భవాని మాత్రం తలెత్తలేదు.

"నానే రాసేను పిన్నీ. నువ్వన్నది అన్నట్టే రాసేను. ఒక్క అచ్చరం మార్సనేదు. కత కావాలనే తప్పు సెప్పేదాన్ని. తప్పు సెప్తే గానీ నువ్వు నోరిప్పవు."

"ఎవులు సెప్పేరే నీకు, సచ్చిపోయినోడి పేరెట్టి రాయమని?"

"డిల్లీయే సెప్పేడు."

అదీ వాళ్లు అన్న మాట. చేసినదంతా చేసి, పోయినవాడి మీదకి నెట్టేశారు. వాడు బతికున్నప్పుడు ఒక్క మాట కూడా నాకు చెప్పకుండా దాయలేదు. నా కొడుకు వింటున్నాడని నేను షెడ్డులో కూర్చుని వాడితో మాట్లాడుతుంటే, ఈ ఏడుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారన్నమాట. కిటికీ దగ్గర ఎవరూ లేరు.

ఐదు రోజుల నుంచి పనికి వెళ్లడం లేదు. రాసేదెవరో తేలాలన్నారు కదా మీ అయ్యగారు, తేలింది. ఇక ఆ పేరు వేయకండి. నేను రెండోసారి కూడా వాడిని సాగనంపాను.

సన్యాసమ్మ


విజయవాడ,
11 జనవరి 2004

ప్రియమైన అమ్మా,

మీ ఉత్తరం చదివాక అల్మారాలో ఢిల్లీబాబు పాత కవర్లన్నీ కింద పోశాను. వ్యాసాలతో పాటు నాకు చిన్న చిన్న చీటీలు రాసేవాడు. అవన్నీ మళ్లీ చదివాను. అప్పట్లో తమాషాకి రాశాడనుకుని పక్కన పడేసినవి ఇవాళ చూస్తే వేరుగా ఉన్నాయి. రెండు మీకు పంపుతున్నాను. చేతిరాత మీరు గుర్తుపడతారు. మధ్యలో పోతే కష్టమని ఇక్కడ కూడా ఎత్తి రాస్తున్నాను.

2001లో నేను అడిగాను, 'సినిమా ఇలా చూడటం ఎక్కడ నేర్చుకున్నారు?' అని. అతని జవాబు:

'నేర్చుకోలేదు మేడమ్. మా ఊళ్లో ఒక పెద్ద విమర్శకురాలు ఉంది. ఆవిడ చెబుతుంది, నేను కిటికీ అవతల నిలబడి రాసుకుంటాను. ఇంటికెళ్లి ఆవిడకే చదివి వినిపిస్తాను. నాకు తోచిందే నీకూ తోచిందిరా అంటుంది. ఇప్పటికీ కనిపెట్టలేదు. పేరు అడక్కండి. తన మాట అచ్చవుతోందని తెలిస్తే సిగ్గుపడి నోరు కట్టేసుకుంటుంది.'

రెండోది 2003 ఫిబ్రవరిది. అతను స్వయంగా రాసిన చివరి చీటీ అదే. చెయ్యి వాచిందన్నది ఇందులోనే. మొదటి ఉత్తరంలో మీకు గుర్తున్న సగమే చెప్పాను, మిగతా సగం అప్పట్లో అర్థం కాక, అందులోని భవాని పేరు కూడా మరిచిపోయాను:

'ఇకపై మా షెడ్డులో భవానక్క రాసి పంపుతుంది. ఆవిడకి అంతా చెప్పాను. కొన్నాళ్లు మా విమర్శకురాలు హాలుకి వెళ్లదు, మాట్లాడదు కూడా. ఎలాగైనా మాట్లాడించమన్నాను. చెయ్యి మారుతుంది మేడమ్, మాట మారదు.'

అమ్మా, భవాని అబద్ధం చెప్పలేదు. మీ అబ్బాయి పేరు ఎవరూ దొంగిలించలేదు. మూడేళ్లుగా మేము అచ్చు వేస్తున్నది మిమ్మల్ని. ఈ సంగతి చెబితే కామేశ్వరరావుగారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఇకనుంచి మీ పేరే వేద్దామంటున్నారు. మీరేమంటే అదే.

మీ
ప్రమోదిని


వజ్రపుకొత్తూరు,
26 మార్చి 2004

ప్రియమైన ప్రమోదినమ్మకు,

రెండు నెలలు జవాబు రాయలేదని కోపగించుకోకు. ఏం రాయాలో తెలియలేదు. ఇప్పటికీ తిన్నగా తెలియదు. నేను విమర్శకురాలినేమిటి? పిక్కలు కొట్టుకుంటూ వాగేదాన్ని. వాడు రాసింది విని 'ఎంత బాగా రాశాడు నా కొడుకు' అని మురిసిపోయాను. నా మాటకి నేనే మురిసిపోయానా? వాడు నవ్వింది అందుకా? ఆలోచించిన కొద్దీ చిక్కు పడుతోంది, వదిలేశాను.

పనికి వెళుతున్నాను. మొదటిరోజు భవానితో మాట్లాడలేదు. రెండోరోజు అది ఏదో బొమ్మ కథ ఎత్తుకుని, "సివరాకర్న ఈరోయిన్ అత్తగార్ని నూతిలో తోసీసినాది పిన్నీ" అంది. అత్తగారే కోడల్ని తోసిందని గోడ మీద పోస్టరు చూసినవాడికెవడికైనా తెలుస్తుంది. ఊరుకుందామనుకున్నాను. నా వల్ల కాలేదు. "నీ బుర్రకి బొమ్మలెందుకే, కొబ్బరితోటలో కాపలా ఎట్టుకోక" అనేశాను. సూరమ్మ నవ్వి నవ్వి వేలి మీద సుత్తి దెబ్బ వేసుకుంది.

మొన్నటితో బుల్లోడి ఏడాది తీరింది. నిన్న మా షెడ్డువాళ్లు ఏడుగురూ నా చేతులు పట్టుకుని నన్ను హాలుకి తీసుకెళ్లారు. ఉదయం ఆటకి మళ్లీ ఆ పాత బొమ్మే ఆడుతోంది, పెద్దకోడలు గిన్నె గీకేది. పెళ్లయిన కొత్తలో ఒకసారి చూసి, ఆ గుర్తుతోనే షెడ్డులో మాట అనేశాను కదా. ఈసారి కళ్లు పెట్టి చూశాను.

నేను అన్నది తప్పమ్మా.

గరిట చప్పుడు అవుతుంది. గట్టిగానే అవుతుంది. కానీ అప్పుడు భోజనాల దగ్గర కూర్చున్న వాళ్లు ఒక్కరైనా తల తిప్పరు. మాటల్లో ఉంటారు. అత్తగారు మజ్జిగ అడుగుతుంది. అంతమందిలో ఎవరికీ వినబడదు. చూసేవాళ్లకి మాత్రమే వినబడుతుంది. అది తీసినాయనకి ఆకలి తెలియదన్నాను నేను. ఆయనకి తెలుసు. పక్కనే కూర్చుని వినబడనివాళ్ల సంగతి కూడా తెలుసు.

చివరి నెలల్లో మా బుల్లోడు కంచం తీసుకుని అరుగు మీదకి పోయేవాడు. "తినేసేనమ్మా" అని కడిగిన కంచం తెచ్చేవాడు. కడిగిందంటే తిన్నాడనుకున్నాను. అక్కడ కూర్చుని వాడు తన తర్వాత నా మాట ఎలా బతకాలో ఏర్పాటు చేసుకుంటుంటే, నేను సీరియల్లో కోడలి ఏడుపు బాగోలేదని వంకలు పెడుతున్నాను. పదకొండేళ్లు అన్ని బొమ్మల్లో తప్పులు పట్టిన మనిషికి, ఇంట్లో చప్పుడు వినబడలేదు.

అందుకని నీకొక పని చెబుతాను. శీర్షిక మీద పేరు వాడిదే ఉండనివ్వు. నేను అంటాను, భవాని రాస్తుంది, వాడి పేరు పడుతుంది. కిటికీ దగ్గర ఎవరూ లేరని నాకు తెలుసు. తెలిసే అటువైపు తిరిగి చెబుతాను. కానీ ఈ గరిట చప్పుడు దిద్దుబాటు మాత్రం నా పేరు మీద వేయి. 'ఆ తప్పు చెప్పింది సన్యాసమ్మ' అని నిండుగా వేయి. పేరు వాడిదే గానీ తప్పు వాడిది కాదు. అది వాడికి అంటకూడదు. నా పేరు అచ్చులో పడటం అదొక్కసారి చాలు.

భవాని ఈ ఉత్తరం చూసి, ముత్యాల్లాంటి తన చేతిరాతతో తిరగరాస్తానంది. వద్దన్నాను. అంచున మరకలుంటాయి, ఏమీ అనుకోకు.

మొన్నెప్పుడో క్యారియరు విప్పకుండానే ఇంటికి పట్టుకెళ్లానని రాశావు. ఆ ముక్క దగ్గర ఆగకుండా చదువుకుంటూ పోయాను, నిన్న హాల్లో గుర్తొచ్చింది. మా మూలంగా నువ్వు పస్తుండకు.

ఇట్లు, సన్యాసమ్మ చెప్పేది:
వేళకి కడుపునిండా అన్నం తిను తల్లీ.